పూత మీద కొన్న బడి

కొండ్రగూడెం,
ఆగిరిపల్లి మండలం,
జనవరి 6.

అమ్మాయి గౌతమికి మల్లయ్య బాబాయి రాసేది.

మేం బాగున్నాం. నువ్వెలా ఉన్నావో నువ్వు రాస్తే తెలుస్తుంది. నెలకో ఉత్తరం అన్నది మీ నాన్న పెట్టిన షరతు. "చెయ్యి ఆగితే అక్షరం పోతుంది మల్లయ్యా, మా అమ్మాయికి రాస్తూ ఉండు" అని ఆసుపత్రి మంచం మీద మాట తీసుకున్నారు ఉమాపతి మాస్టారు. ఆయన పోయి ఆరేళ్లు. నేను ఒక్క నెల తప్పలేదు. నువ్వు మూడు తప్పావు. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో అన్న మాట రేపు నేననలేదంటే ఏం చూపిస్తాను? కాగితం మీద మాట కాగితం మీదే ఉంటుంది.

ఈ ఏడు పూత బాగా వచ్చింది. రసాలు ముందు పూశాయి, బంగినపల్లి ఇంకా కళ్లు తెరుస్తోంది. మంచు ఎక్కువ పట్టకుండా ఉంటే చాలు.

అసలు సంగతి బడి గురించి. పోయిన వారం మన బడికి తెల్ల వ్యాను వచ్చింది. వేదాంత్ గారని ఎవరో పెద్ద కోటీశ్వరుడట, ఆయన ఫౌండేషన్ వాళ్లు. గోడలకి రంగులేశారు. ఏనుగు, రైలు, ఆంగ్ల అక్షరాలు. గుమ్మం పక్కన ఆయన బొమ్మ, నవ్వుతూ. పిల్లలకి ట్యాబులు కూడా ఇస్తారట. ఊరంతా ఒకటే సంబరం. నేనొక్కణ్ణే అడిగాను, "ఊరికే ఎందుకిస్తాడు?" అని.

మీ పిన్ని వెంకాయమ్మ ఏమందో తెలుసా? "నీకు దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఆధార్ కార్డు అడుగుతావు."

అడుగుతాను. నలభై ఏళ్లు తోటలకి కాపలా కాశాను. పూత చూడ్డానికి వచ్చిన షావుకారు ముందు చెట్టుని పొగుడుతాడు. "ఏం చెట్టండీ, ఏం పూతండీ" అంటాడు. ఈ వ్యాను వాళ్లు బడిని అలాగే పొగిడారు. నాకు నచ్చలేదు.

బడి కమిటీకి చైర్మన్ని నేనేనని మర్చిపోకు. మా అబ్బాయి సురేషూ కోడలూ తోటల వెంట తిరుగుతారు కాబట్టి మనవరాలు నవ్యకి సంరక్షకుడి చోట నా పేరుంది. చైర్మన్ పదవికి పోటీ కూడా లేదు. సంతకం చెయ్యగల తాత ఊళ్లో నేనొక్కణ్ణే.

నువ్వూ హైదరాబాదులో ఏదో ఫౌండేషన్ ఆఫీసులోనే కదా ఉద్యోగం. ఈయన సంగతి కనుక్కుని రాయి.

మల్లయ్య



హైదరాబాదు,
జనవరి 21.

మల్లయ్య బాబాయికి,

మూడు నెలలు తప్పానని లెక్క చెప్పావు. ఒప్పుకున్నాను. తిట్టు.

వేదాంత్ గారి సంగతి కనుక్కోవలసిన పని లేదు బాబాయ్. పోయిన దసరా నుంచి నేను ఆ ఆఫీసులోనే చేస్తున్నాను. ఇదివరకటి ఉద్యోగం మానేసి ఇందులో చేరాను. నువ్వు ఏమంటావోనని చెప్పలేదు.

ఆయన మంచివాడు. బోలెడు డబ్బుంది, దానితో బళ్లు బాగుచేద్దామనుకుంటున్నాడు. అంతకంటే ఏం లేదు. నాన్న జీవితమంతా సుద్దముక్కలు కూడా జీతంలోంచి కొన్నాడు. ఆయన ఉంటే ఈ రంగుల గోడలు చూసి ఎంత పొంగిపోయేవాడో అనుకుంటాను.

షావుకారు ఏదో ఆశించి పొగుడుతాడు. ఈయన ఆశించేది ఏముంది చెప్పు? మీ కొండ్రగూడెం బడిలో ఆయనకి ఏం కాయ కాస్తుంది?

ట్యాబు వస్తే నవ్య చేత నాకు ఒక ఫొటో పంపించు. పిన్నికి నమస్కారాలు.

గౌతమి



కొండ్రగూడెం,
ఫిబ్రవరి 17.

అమ్మాయి గౌతమికి,

నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావని మూడు నెలల తర్వాత చెప్పావు. సరే. మాస్టారి కూతురు అక్కడ ఉందంటే మీ పిన్నికి ధైర్యం వచ్చింది. నాకు ఇంకా రాలేదు.

పిందె కట్టింది. తేనెమంచు పురుగు కొంచెం ఉంది, మందు కొట్టించాం.

మీ ఆఫీసు నుంచి ఒక పిల్ల వచ్చింది. శిరీష అట పేరు. మంచి పిల్లే, ఎండకి మొహం కందిపోయింది పాపం, మీ పిన్ని మజ్జిగ ఇచ్చింది. చేతిలో ట్యాబు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగింది. మా అరుగు మీద కూర్చుని నన్నడిగిన ప్రశ్న ఇది.

"తాతగారూ, అన్ని తరగతులకీ ఇద్దరే టీచర్లున్న బడి మంచిదంటారా, తరగతికో టీచరున్న బడి మంచిదంటారా?"

"తరగతికో టీచరే మంచిది. ఎవరు కాదంటారు?"

"రెండోది నొక్కుతున్నానండి."

"ఆగమ్మా. ఆ టీచర్లని మా ఊళ్లోనే వెయ్యమని రాసుకో."

"ఆ ఆప్షన్ లేదండి తాతగారూ. రెండే ఉన్నాయి. ఏదో ఒకటి నొక్కకపోతే తర్వాతి పేజీకి పోదు."

"పోకపోతే మానేయ్."

"మానేస్తే నాకు ఇవాళ్టి పని రాసుకోరండి" అంది. ఏడుపు మొహం పెట్టింది. సరే నొక్కుకోమన్నాను. ప్రశ్న వాళ్లదే, జవాబూ వాళ్లదే. మధ్యలో నా వేలెందుకో అర్థం కాలేదు. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు.

పోయిన శుక్రవారం బడి దగ్గర షామియానా వేసి ట్యాబులు పంచారు. కమిటీ వాళ్లందరినీ ముందు వరసలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. ట్యాబులు ముట్టినట్టు సంతకాలు కావాలన్నారు. పరదేశి, ఇన్నమ్మ, మిగతావాళ్లు అందరూ ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్దారు. నా దగ్గరికి రాగానే శిరీష ప్యాడ్ ముందుకు చాపింది.

"అది అవతల పెట్టమ్మా. పెన్నుంటే ఇలా ఇవ్వు" అన్నాను.

అందరూ నా వంకే చూశారు. చూడనీ. మూడు పేజీలు, మూడు సంతకాలు. మీ నాన్న నేర్పినట్టే, చివర ఒత్తుని కిందికంటా లాగి. పరదేశి బొటనవేలు తలకి తుడుచుకుంటుంటే నేను పెన్ను మూత పెట్టి ఇచ్చాను. ఫొటో కూడా తీశారు. మీ ఆఫీసుకి వస్తుందేమో చూడు.

నవ్య ట్యాబులో పాట పెట్టి చూపించింది. బాగుంది. కాదనను.

మల్లయ్య



హైదరాబాదు,
మార్చి 5.

బాబాయి గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు, పిన్ని కులాసా అని తలుస్తాను.

ఒక విషయం తెలుసుకుందామని రాస్తున్నాను. శుక్రవారం నాడు మీరు సంతకం చేసిన కాగితాలను ఎవరైనా పైకి చదివి వినిపించారా? నకలు ఇచ్చారా? మీరు మూడో పేజీ చదివారా?

తొందరేమీ లేదు. కానీ వీలైనంత త్వరగా రాయండి.

గౌతమి



కొండ్రగూడెం,
మార్చి 22.

గౌతమికి,

నువ్వు పుట్టాక మొదటిసారి నన్ను 'మీరు' అన్నావు. నా భుజాల మీదెక్కి జుట్టు పట్టుకుని తోటంతా తిరిగిన పిల్లవి. మర్యాద ఎక్కువైనప్పుడు నేను జేబు తడుముకుంటాను.

చదివే పెట్టాను సంతకం. మీ నాన్న నాకు నేర్పిన చదువు నీకు అనుమానంగా ఉందా? మళ్లీ అడగకు.

ఇప్పుడు నా సంగతి విను. మన బడి కమల టీచరు నిన్న మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ రాదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఫోనులో ఆర్డరు చూపించింది. వచ్చే జూన్ నుంచి మన బళ్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు ఉండవట. హైవే అవతల ఏడు కిలోమీటర్ల దూరంలో మోడల్ బడి పెట్టి అందులో కలుపుతారట. ఆ బడిని మీ వేదాంత్ గారి ఫౌండేషన్ దత్తత తీసుకుంటుందట. ఎనిమిదిన్నరకి బస్సు.

ఎనిమిదిన్నరకి ఇక్కడ ఇంట్లో ఎవరుంటారు? కోతల్లో తల్లులు తెల్లారగానే తోటకి పోతారు. పిల్లలు వాళ్లంతట వాళ్లే నడిచి బడికి పోతారు, బడి వీధి చివర కాబట్టి. బస్సు తప్పితే ఆ రోజు బడి లేదు. నాలుగు రోజులు తప్పితే తోటలో గంప పట్టుకోమంటారు. నేను చూడందా? మన ఊరి నుంచి హైస్కూలు దూరమని తొమ్మిదిమంది ఆడపిల్లల్లో ఐదుగురు ఆరో తరగతిలోనే మానేశారు. ఆ ఐదుగురూ ఇవాళ గడ్డిలో కాయలు సర్దుతున్నారు. ఇప్పుడది మూడో తరగతికి దించారు. మా నవ్య జూన్‌లో నాలుగుకి వెళ్లాలి.

ఇంకొకటి. ఆర్డరులో "గ్రామ పాఠశాల కమిటీ స్వయంగా కోరినందున" అని ఉంది. మేం కోరలేదు. ఎవడో దొంగ కాగితం పుట్టించాడు. సర్పంచి మీద నాకు అనుమానం. కమల టీచరు మీద కూడా కొంచెం ఉంది, ఆవిడ సొంతూరు బాపులపాడు, ఆ మోడల్ బడి ఆవిడకి దగ్గర. నీ మీద లేదని అనలేను.

నీకొక పాత సంగతి చెప్తాను. సుబ్బాయమ్మ గారి తోట తెలుసుగా. ఒక ఏడు ఆవిడ పూత మీద తోట అమ్మింది. పూత మీద అమ్మితే కోత అయ్యేదాకా కాయ కొన్నవాడిది. చెట్టు ఆవిడదే, నేల ఆవిడదే. షావుకారు నన్ను కాపలా పెట్టాడు. ఏప్రిల్లో ఆవిడ మనవరాలు వచ్చింది. పచ్చట్లోకి నాలుగు కాయలు కోసుకుందామని చిక్కం గడ పట్టుకుని ఆవిడే వచ్చింది. నేను గడ పట్టుకుని ఆపాను. "నా చెట్టేరా మల్లయ్యా" అంది. "చెట్టు మీదేనండి, కాయ మీది కాదు" అన్నాను. నా పని నేను చేశాను. ఆవిడ మొహం మాత్రం ఇంకా గుర్తుంది.

జనవరిలో అడిగావుగా, మీ బడిలో ఆయనకి ఏం కాయ కాస్తుందని. నాకు తెలియకే నేను అడుగుతున్నాను. ఏం కాస్తుంది?

మల్లయ్య



హైదరాబాదు,
ఏప్రిల్ 9.

బాబాయ్,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. మూడు చింపేశాను.

దొంగ కాగితం ఎవరూ పుట్టించలేదు. సర్పంచిని అనుమానించకు. కమల టీచరుని అసలే వద్దు. అది నువ్వు సంతకం పెట్టిన కాగితమే. మొదటి రెండు పేజీలు ట్యాబులు ముట్టినట్టు. మూడో పేజీ తీర్మానం, "మా గ్రామంలోని పై తరగతులను మోడల్ పాఠశాలలో కలపవలసిందిగా మేము స్వయంగా కోరుతున్నాము" అని. జిరాక్సు ఈ కవర్లోనే పెట్టాను.

ఆ వాక్యం రాసింది నేను.

మేం పనిచేసే మూడు మండలాలకీ ఒకే కాగితం. ఊరి పేరు దగ్గర ఖాళీ. మొదట ఎవరో రాస్తే అనువాదంలా ఉందన్నారు. గౌతమికి ఇవ్వండి, తెలుగు మాస్టారి కూతురు, ఊరివాళ్లు మాట్లాడినట్టు రాస్తుంది అన్నారు. రాశాను. మెచ్చుకున్నారు. ఫిబ్రవరిలో స్కాన్ చేసిన కాగితాలు వచ్చాయి. ఒక పేజీ అడుగున ఒత్తు కిందికంటా లాగిన సంతకం కనపడింది. అలా లాగి రాయడం నాన్న నేర్పేదే. మార్చిలో నీకు రాసేనాటికే నాకు తెలుసు బాబాయ్. తెలిసే 'మీరు' అని రాశాను.

ఏం కాస్తుందని అడిగావు. ఆయనకి డబ్బు అక్కర్లేదు. ఈ మూడు మండలాల్లో "ఊళ్లే అడిగాయి" అని మేం నివేదిక ఇస్తాం. దాన్ని చూపించి రాష్ట్రమంతా ఇదే రూలు పెట్టమంటాం. ఆ రూలు రాసే కమిటీలో మా ఆఫీసువాళ్లు ఇద్దరు కూర్చున్నారు. అక్కడ పనిచేసే కుర్రాళ్లకి జీతాలిచ్చేది కూడా మేమే. బడి అంటే ఎలా ఉండాలో ఆయనకి ఒక ఊహ ఉంది. అది అందరి బడీ కావాలి. ఆయనకి కాసే కాయ అది.

ఆయన చెడ్డవాడు కాదు. పిల్లల గురించి మాట్లాడుతూ ఒకసారి కళ్లు తుడుచుకున్నాడు, నేను చూశాను. నాకు భయం కూడా అక్కడే. ఎమ్మెల్యే అయితే ఐదేళ్లకి దించుతారు. ఈయనకి ఎవరూ ఓటెయ్యలేదు, ఎవరు దించుతారు?

ఒక దారి ఉంది. తెలిసిన లాయరుని అడిగాను. సంతకం పెట్టినవాడికి చదువు రాదని, ఎవరూ చదివి వినిపించలేదని రాసిస్తే ఆ తీర్మానం నిలవదట. వేలిముద్రలు వేసినవాళ్లు రాసిస్తారు. సంతకం నీ ఒక్కడిదే. నీకు పేరు రాయడం తప్ప చదవడం రాదని ఒక్క ముక్క రాసివ్వు. నా పేరు కూడా బయటికి రాదు. నవ్య బడి నిలబడుతుంది.

గౌతమి



కొండ్రగూడెం,
ఏప్రిల్ 27.

గౌతమీ,

కోతలు మొదలయ్యాయి. ఊళ్లో మనిషి దొరకడు. అయినా కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు కోపానికి అక్షరాలు కనపడలేదు. మర్నాడు మళ్లీ చదివాను. నిన్ను తిట్టాలని చాలా మాటలు కూడబెట్టాను. తిట్టాలంటే ముందు నా సంగతి చెప్పాలి. అది నీకు చెప్పలేదు.

ఆ శుక్రవారం శిరీష అడిగింది. "చదివి వినిపించనా తాతగారూ?" అని మెల్లగానే అడిగింది. "నాకు చదువొచ్చమ్మా" అన్నాను. కళ్లజోడు ఇంట్లో ఉంది. ఇంటికెళ్లి తెచ్చుకుంటానంటే ఏం పోయేది? ఊరంతా చూస్తోంది. పేజీ మీద పేజీ తిప్పాను. చదివేవాడు ఒక్కో పేజీకి ఎంతసేపు చూస్తాడో అంతసేపు చూశాను. మధ్యలో ఒకసారి తల కూడా ఊపాను. కళ్లముందు చీమలు పాకినట్టుంది తప్ప ఒక్క అక్షరం కనపడలేదు. సంతకం పెట్టాను.

నీకు చదివే పెట్టానని రాశాను. అబద్ధం. నీ అబద్ధానికి నాది తీసిపోలేదు.

పోయిన ఆదివారం అందరినీ బడి వరండాలోకి పిలిచాను. కళ్లజోడు పెట్టుకుని నువ్వు పంపిన మూడో పేజీ పైకి చదివాను. 'పునర్వ్యవస్థీకరణ' అనే మాట దగ్గర నాలుగుసార్లు ఆగాను. ఆ మాట కూడా నువ్వే రాశావా? చదివి, చూడకుండా సంతకం పెట్టానని చెప్పాను. పరదేశి తన బొటనవేలు చూసుకుని, "నేను నీ మొహం చూసి వేశాను మావా. నువ్వు తలూపావు కదా" అన్నాడు.

ఇంటికొచ్చాక వెంకాయమ్మ అంది, "ఇవాళ గంటసేపు చదివావు. ఆ రోజు ఈ గంట ఏమైంది?"

కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు నీ లాయరు మాట. నాకు చదువు రాదని రాసివ్వమంటావు. పన్నెండేళ్లు ఒక తోట గేటు దగ్గర కాపలా కూర్చున్నాను, నా నెత్తిమీద బోర్డు మీద ఏముందో తెలియకుండా. మీ నాన్న రోజూ మధ్యాహ్నం అన్నాల వేళ సైకిలు మీద వచ్చేవారు. కాయల పెట్టెల మూతల మీద సుద్దతో రాసేవారు. నాకప్పటికి నలభై రెండేళ్లు. నేను మొదట చదివింది నా పేరు కాదు, ఆ బోర్డు. "అనుమతి లేనిదే లోపలికి రారాదు." మాస్టారు నా ముందు కళ్లు తుడుచుకోలేదు. సైకిలు బెల్లు మోగించుకుంటూ పోయారు. ఆయన నేర్పలేదని నా చేత్తో రాయాలా? ఆయన కూతురు చెబుతోందా ఆ మాట?

రాయను.

కమల టీచరుతో నూజివీడు విద్యాశాఖ ఆఫీసుకి వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చదువొచ్చు, చదవలేదు, గర్వం కొద్దీ చదవలేదు అన్నాను. ఆ ఆఫీసరు మంచిగానే మాట్లాడాడు. "సంతకం ఉంది కదా పెద్దాయనా. చదవలేదంటే మేం ఏం చెయ్యగలం? రాసినవాళ్లు వచ్చి, ఈ పేజీ ట్యాబుల కాగితాల్లో కలిపి పెట్టాం, విడిగా చెప్పలేదు అని రాసిస్తే అప్పుడు ఆలోచిస్తాం" అన్నాడు. మే పదిహేనున మళ్లీ రమ్మన్నాడు.

నా నిజం నేను చెప్పాను. ఊళ్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను. ఇక నీది ఒక్కటే మిగిలింది. నీ పేరు బయటికి రాని దారి వెతకడానికి లాయరు దగ్గరికి వెళ్లావు. నా పేరు చెరిగిపోయినా నీకు ఫరవాలేదన్నమాట. మాస్టారి కూతురివి కాకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

వస్తావో రావో నాకు తెలియదు. వస్తావని నమ్మకం లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మల్లయ్య



హైదరాబాదు,
మే 7.

బాబాయ్,

పదిహేనో తారీకు పొద్దున తొమ్మిదింటికి నూజివీడు బస్టాండులో దిగుతాను.

రెండు పేజీలు రాసుకున్నాను. ఎవరు రాయమన్నారు, ఎలా కలిపి పెట్టాం, ఎందుకు విడిగా చెప్పలేదు, అన్నీ ఉన్నాయి. మా ఆఫీసులో ఇవాళ చెప్పాను. తలుపేసి చాలాసేపు మాట్లాడారు. వేదాంత్ గారే ఫోన్ చేశారు. "మంచి పని ఆగిపోతుంది గౌతమీ" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే బాధ ఉంది. నేను "ఊళ్లో వాళ్లని ఒకసారి అడుగుదామండి" అన్నాను. "అడిగాం కదా" అన్నారు.

'పునర్వ్యవస్థీకరణ' నేనే రాశాను. సిగ్గుగా ఉంది.

నా కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు. నువ్వు ఆఫీసరు ముందు పైకి చదవాలి. మొదటి నుంచి చివరిదాకా. నువ్వు చదవడం అయ్యాక, సరే అన్నాక పెడతాను.

కళ్లజోడు మర్చిపోకు.

గౌతమి



కొండ్రగూడెం,
జూన్ 16.

అమ్మాయి గౌతమికి,

నిన్ను బస్సెక్కించి వచ్చాక కాయల పని తెమలలేదు. అందుకే ఆలస్యం. మే నెల ఎదురుగానే కలిశాం, అది తప్పినట్టు లెక్క కాదు.

నేను నీ కాగితం చదువుతుంటే ఆ ఆఫీసరు రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. నువ్వు గమనించావో లేదో. చూసుకోనీ అని ఇంకా నెమ్మదిగా చదివాను. "అమాయక గ్రామస్తులను" అని రాశావు, ఆ మాట కొట్టించాను. నీకు ఎందుకో అర్థమైందనుకుంటాను. అమాయకుణ్ణయితే 'ఊరికే ఎందుకిస్తాడు' అని ముందే ఎందుకడుగుతాను?

పన్నెండున బడి తెరిచారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఇక్కడే ఉన్నాయి. విచారణ తేలేదాకా ఆర్డరు ఆపారని కమల టీచరు చెప్పింది. ఆవిణ్ణి అనుమానించానని ఆవిడకి చెప్పేశాను. "నేనూ మిమ్మల్ని అనుమానించానండి" అంది. నవ్య నాలుగో తరగతిలో మొదటి బల్ల మీద కూర్చుంది. గెలిచామని నువ్వు అనుకోకు. ఆపినవాడు మళ్లీ కదిలించగలడు. టీచర్లు ఇద్దరే. మూడో టీచరు కావాలని కమిటీ తరపున మా అర్జీ మేం పెట్టాం. రాసింది కమల టీచరు, చదివింది నేను. పరదేశి విన్నాకే వేలు వేశాడు, అదీ రెండోసారి చదివించుకుని.

గోడ మీద మీ వేదాంత్ గారి బొమ్మ చెరిపేద్దామని కుర్రాళ్లు అన్నారు. వద్దన్నాను. రంగు బాగుంది, ఉండనీ. ట్యాబులు కూడా ఉన్నాయి, మూడు పనిచెయ్యడం లేదు.

నీకు ఉద్యోగం పోయిందని మీ పిన్నికి ఫోన్లో చెప్పావట. నాకు రాయలేదు. దాచే అలవాటు ఇంకా పోలేదు నీకు. పోయిందానికి నేను ఓదార్చను. బస్సులో చిన్న రసాల బుట్ట పంపుతున్నాను, గడ్డిలో పెట్టి మగ్గించినవి, మందు వెయ్యలేదు. అందుకుని ఉత్తరం రాయి, ఫోను కాదు.

ముసునూరు వైపు ఇంకో ఊళ్లో బడికి తెల్ల వ్యాను వచ్చిందట. ఇన్నమ్మ అన్నగారి ఊరు. గోడలకి రంగులేస్తున్నారట. శనివారం ట్యాబులు పంచుతారట. ఇన్నమ్మా నేనూ శుక్రవారమే వెళ్తున్నాం, పరదేశి బండి మీద. ముగ్గురూ పడతారా అంది మీ పిన్ని. పడతాం.

కళ్లజోడుకి తాడు కట్టి మెడలో వేసుకున్నాను.

మల్లయ్య